ఎర్రగుడ్డ కట్టని పొద్దు

ఆ గురువారం పొద్దున ఓడీల్ పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, మొగుణ్ణి ఇంట్లోంచి బయటికి పంపడం. రెండు, ఇల్లు అమ్మడం. మొదటిది జరగందే రెండోది జరగదు. అషీల్ ఎదురుగా ఉంటే, కొనడానికి వచ్చినవాళ్ళతో నిజాలు మాట్లాడతాడు.

పోయినసారి జరిగింది అదే. రూవాన్ పట్నం నుంచి వచ్చిన దంపతులు ఆ పాత నీటిమరని చూసి మురిసిపోతూ, రాతి గోడల్ని నిమురుతూ తిరుగుతుంటే, అషీల్ వంటింటి దూలాన్ని ఆప్యాయంగా తట్టి, "దీనికి పురుగు పట్టింది. పక్కదానికి ఇంకా పట్టలేదు. పడుతుంది," అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? వాగు పొంగిన ఏడాది నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడమీద గీత చూపించాడు. ఆ గీత వచ్చినావిడ మెడదాకా ఉంది. వాళ్ళు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

అందుకే ఈసారి ఓడీల్ తెల్లవారుతూనే అందుకుంది.

"జుట్టు చెవులమీదికి వచ్చింది. కొండ అవతలికెళ్ళి కత్తిరించుకుని, గడ్డం గీయించుకుని రా."

"వచ్చే వారం వెళ్తాలే."

"వచ్చే వారానికి జడ వేయాల్సొస్తుంది. లే."

"ఇవాళ ఎవరో వస్తారన్నావుగా?"

"వస్తారు. నువ్వు ఉండక్కర్లేదు."

అషీల్ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, టోపీ తీసుకుని, వెనకదారిన సైకిలు తోసుకుంటూ బయల్దేరాడు. పోతూ పోతూ మర చక్రం దగ్గర ఆగి, ఇరుసుకి కాస్త గ్రీజు పూసి మరీ కొండెక్కాడు. పెళ్ళానికి వెళ్ళొస్తానని చెప్పడం మాత్రం మరిచిపోయాడు.

"అదీ నా బతుకు," అనుకుంది ఓడీల్.

ఆమెకి ఆ ఇంటిమీద పగేమీ లేదు. నార్మండీలో ఆ లోయ మొత్తానికి మిగిలిన మర అదొక్కటే. అషీల్ ముత్తాతల నాటిది. చుట్టుపక్కలవాళ్ళకి అట్ల పిండి ఇప్పటికీ అందులోనే పడుతుంది. చక్రం పగలనక రాత్రనక తిరుగుతూనే ఉంటుంది. వాళ్ళ పడకగది సరిగ్గా చక్రం నెత్తిన ఉంది. గోడలకి చెమ్మ, దుప్పట్లకి చెమ్మ, చలికాలం వస్తే ఓడీల్ ఛాతీకీ చెమ్మే. పొడిగా ఉండే ఇల్లు చూసుకోమని డాక్టరు చెప్పాడు. ఇంట్లో వీధివైపు ఎండ పడే గది ఒకటి ఉంది. కానీ అది అత్తగారి గది. ఆవిడ పోయిన దగ్గర్నుంచీ మూసే ఉంది. దాన్ని తెరుద్దామనే మాట ఓడీల్ నాలుక చివరిదాకా వచ్చి, ఎన్నోసార్లు వెనక్కి పోయింది. కొడుక్కి తల్లి గది. ఎలా అడుగుతుంది?

చివరికి ఒకరోజు, ఇల్లే అమ్మేద్దామా అని అడిగింది. అషీల్ చేతిలో పని ఆపకుండా, తలెత్తకుండా, "నీ ఇష్టం" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురానికి దక్కిన జవాబు అది. అదే చక్రానికి ఓ పలక పగిలితే ఆ మనిషికి రెండు పూటలు తిండి సయించదు. రాత్రిళ్ళు తను దగ్గుతూ లేచి చూస్తే, చీకట్లో కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటాడు. చక్రాన్ని వింటున్నాడన్నమాట. చక్రం లేని మొగుడితో నాలుగు రోజులు కాపురం చేయాలన్నదే ఓడీల్ కోరిక. అది తీరాలంటే ఇల్లు అమ్ముడుపోవాలి. ఊళ్ళో వాళ్ళకి మాత్రం చెప్పలేదు. చెప్పే ముఖం లేక.

ఇళ్ళ బ్రోకరు తిబో పట్నం నుంచి వస్తూనే చేతులకి పని చెప్పాడు. పడకగది కిటికీల తెరలు సగం మూసి, చెమ్మ మరకలు కనబడకుండా చేశాడు. మంచం మీద దిండ్లు పొడుగ్గా పేర్చి, పైన తెల్లటి దుప్పటి కప్పి, దాని మీద లావెండర్ పూల గుత్తి పెట్టాడు.

"రొట్టె పొయ్యిలో పెట్టారా మేడమ్? కొనేవాళ్ళకి ముందు ముక్కు లొంగాలి. పాత గుడ్డలూ గోనెలూ ఏవీ బయట కనపడకూడదు."

"అన్నీ తీసేశానండీ. తూము దగ్గర మేకుకి ఓ జిడ్డు ఎర్రగుడ్డ వేలాడుతుంటే, అది కూడా పొయ్యిలో పడేశాను."

"భేష్. మరి ఈ గోలేమిటి?"

"గోల కాదు, చక్రం."

"ఆపించండి. వచ్చేవాళ్ళు పారిస్ వాళ్ళు. నిశ్శబ్దం కొనుక్కోడానికి వస్తున్నారు."

ఓడీల్‌కి ఎక్కడో మనసు పీకింది. చక్రం ఆపే ముందు చేయాల్సింది ఏదో ఉంది, ఏమిటది? ఆలోచించేలోపే రొట్టె మాడు వాసన వచ్చింది. "తూము తలుపు కిందికి దించండి, అదే ఆగుతుంది," అంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

తిబో దించాడు. చక్రం రెండుసార్లు మూలిగి ఆగిపోయింది.

ఆమెకి గుర్తురానిది ఆ ఎర్రగుడ్డే. చక్రాన్ని మరమ్మతుకి ఆపినప్పుడల్లా అషీల్ దాన్ని తూము గుంజకి కడతాడు. ఫరవాలేదు, పలక మారుస్తున్నాం అని దానర్థం. ఆ గుడ్డ లేకుండా చక్రం ఆగిందంటే ఆ లోయలో ఒకటే అర్థం, మర ఇంట్లో మనిషి పోయారు. అషీల్ తాత పోయినప్పుడు అలాగే ఆగింది, తండ్రి పోయినప్పుడూ, తల్లి పోయినప్పుడూ. ఇక ఆ ఇంటికి ఎలా వెళ్ళాలో దానికీ ఓ మర్యాద ఉంది. తలుపు తట్టకూడదు. ఎవరు, ఎలా, ఎప్పుడు అని అడగకూడదు. వండినదేదో గడప మీద పెట్టి, చెట్టు కింద మౌనంగా నిలబడాలి.

వాగుకి దిగువన లియొంటీన్ ముసలమ్మ ఆకుకూర మళ్ళలో వంగి ఉంది. చప్పుడు ఆగగానే నడుం నిలబెట్టి, చెవిలో వేలు పెట్టి కదిపి చూసుకుంది. చెవి బాగానే ఉంది. మర వైపు చూసింది. ఎర్రగుడ్డ లేదు. అలా చూస్తుండగానే మేడ కిటికీలో ఓడీల్ తివాచీ దులుపుతూ కనిపించింది.

"అయ్యో, అషీల్!" అనుకుని, తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ ఇంట్లోకి నడిచింది.

కాసేపటికి, వచ్చేవాళ్ళ కారు కనిపిస్తుందేమోనని ఓడీల్ వీధి తలుపు తీసింది. గడప మీద గుడ్డ కప్పిన గిన్నె ఉంది. లియొంటీన్ పిల్లిలా వెనక్కి తిరిగి వెళ్తోంది.

"లియొంటీన్! ఏమిటిది?"

ముసలమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బాతు కూర, తల్లీ. మా ఇంటికి చుట్టాలొస్తున్నారని వండాను. వాళ్ళు గుడ్లు తింటార్లే."

ఓడీల్ ముఖం పాలిపోయింది. తెలిసిపోయింది! ఇల్లు అమ్ముతున్నట్టు తెలిసిపోయింది. "మీకెలా తెలిసింది?"

"ఈ లోయలో తెలియకపోవడం ఉంటుందా? చెవులుంటే చాలు."

"ముందే చెప్పాల్సింది. ఎలా చెప్పాలో తెలియక..."

"ఇలాంటివి ముందు ఎవరు చెప్పగలరమ్మా?" లియొంటీన్ ఆమె చేయి పట్టుకుంది. "ధైర్యంగా ఉండు. నువ్వెక్కడున్నా మా మనిషివే."

తిడతారనుకున్న మనిషి చేయి పట్టుకునేసరికి ఓడీల్ మనసులోది బయటపెట్టేసింది. "అషీల్ ఏమీ అనలేదు, లియొంటీన్. 'నీ ఇష్టం' అన్నాడు. అంతే. ఇంకో మాట లేదు."

"అదేనా చివరి మాట?" ముసలమ్మ రెండు చేతులూ గుండెకి హత్తుకుంది. "ఎంత మంచి మాట! మా ఆయన చివరి మాట 'కిటికీ మూయి' అని."

ఓడీల్ దీనికేం జవాబు చెప్పాలో తేల్చుకునేలోపు ఇంకో గిన్నె వచ్చింది. దాల్చినచెక్క వేసి పొయ్యిలో ఎర్రగా కాచిన పాల పాయసం. వెనకే ఆపిల్ రొట్టె, దాని వెనక ఆవాలముద్ద పట్టించిన కుందేలు. తెచ్చినవాళ్ళు టోపీలు తీసి, గిన్నె దించి, పెరట్లో ఆపిల్ చెట్ల కింద వరసగా నిలబడ్డారు. ఎవరూ పెదవి విప్పలేదు.

"ఈ ఏర్పాటు మీదేనా మేడమ్?" తిబో ఆమె చెవిలో గుసగుసలాడాడు. "ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, నాకే తట్టలేదు. రొట్టె వాసన ఏం సరిపోతుంది దీని ముందు!"

"నేనేం చేయలేదండీ. వాళ్ళకి నా మీద ఇంత ప్రేముందని నాకే తెలీదు," అంది ఓడీల్. నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే పారిస్ నుంచి వొక్లెర్ దంపతులు దిగారు. భర్త మొస్యూ వొక్లెర్ గొంతూ నడకా పెద్దవి. ఆయన భార్య సన్నగా, మాట్లాడకుండా, అన్నీ చూస్తూ ఉండే మనిషి.

"అబ్బ! ఎంత ప్రశాంతత!" అన్నాడాయన. "మనుషులు కూడా చప్పుడు చేయరే!"

"రోజూ ఇలా వస్తారా?" భార్య గడప మీది గిన్నెలు చూస్తూ అడిగింది.

"రోజూ, మేడమ్," అన్నాడు తిబో తడుముకోకుండా. "ఇక్కడి పద్ధతే అంత."

ఇంతలో గేటు తెరుచుకుని నలుగురు మగవాళ్ళు లోపలికి వచ్చారు. నల్ల కోట్లు, నల్ల టైలు, కలరా ఉండల వాసన. ఆ నలుగురూ ఆపిల్ సారా కాసేవాళ్ళు. ఊళ్ళో ఎవరు పోయినా భుజం పట్టేది వాళ్ళే.

"వీళ్ళు?" మొస్యూ వొక్లెర్ అడిగాడు.

తిబో ఒక్క క్షణం ఆగాడు. "గురువారం కదండీ," అన్నాడు.

నల్లకోట్లలో పెద్దవాడు ఓడీల్ ముందు తల వంచి, "మేం సిద్ధం. ఎప్పుడంటే అప్పుడు కిందికి దించుతాం," అన్నాడు.

"దేన్ని?" అంది ఓడీల్.

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సమయానికి చర్చి గంట మోగింది. ఒక దెబ్బ, చాలాసేపు మౌనం, మళ్ళీ ఒక దెబ్బ. పెళ్ళికి అలా మోగదు.

"ఎవరు పోయారు?" అంది ఓడీల్.

పెరడంతా నిట్టూర్చింది. "మతి చలించింది పాపం," అని ఎవరో గొణిగారు. లియొంటీన్ వచ్చి ఆమె భుజం చుట్టూ చేయి వేసింది.

ఓడీల్ తూము వైపు చూసింది. ఆగిన చక్రం. ఖాళీ మేకు. ఒక్కసారిగా అంతా అర్థమైంది.

"లియొంటీన్! అషీల్ బతికే ఉన్నాడు!"

"ఉన్నాడమ్మా, ఉన్నాడు. మనందరి మధ్యా ఉన్నాడు."

"మన మధ్య కాదు, మంగలి దగ్గర ఉన్నాడు!"

"ఎక్కడున్నా సుఖంగానే ఉంటాడు తల్లీ. కూర్చో. ఎవరైనా ఈ పిల్లకి ఒక చుక్క సారా పోయండి."

నల్లకోటు జేబులోంచి సీసా వచ్చింది. ఓడీల్ వద్దంటే, బాధ ఎక్కువైందని మరో రెండు చుక్కలు పోశారు. మొస్యూ వొక్లెర్ తిబోని పక్కకి లాగి, "ఇల్లు చూపిస్తామని చెప్పి శవం ఉన్న ఇంటికి తీసుకొస్తావా?" అని అడుగుతున్నాడు. తిబో, తనకి తెలిసినంతవరకు ఇల్లు ఖాళీయే అంటున్నాడు. గంట మోగుతూనే ఉంది. దాన్ని ఆపమని చెబుదామంటే గంట కొట్టే తాతకి చెవుడు.

సరిగ్గా అప్పుడు కొండ మీంచి సైకిలొకటి దూసుకొచ్చింది.

దాని మీద ఉన్న ఆకారం మెడ నుంచి మోకాళ్ళదాకా తెల్లగా ఉంది. తెల్లటి గుడ్డ రెండు వైపులా రెక్కల్లా ఎగురుతోంది. ముఖం సగం నురగ. లియొంటీన్ ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుని, "తీసుకెళ్ళడానికి దేవదూతని పంపారు," అంది.

దేవదూత సైకిల్ని పూలమడిలో పడేసి పరిగెత్తుకొచ్చాడు. నల్లకోట్లు చూశాడు. గడప మీద గిన్నెలు చూశాడు. ఆగిన చక్రం చూశాడు.

"ఎక్కడుంది?" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. కొందరు మర్యాద కొద్దీ, కొందరు భయం కొద్దీ. జనం మధ్య, లియొంటీన్ చంకలో ఇరుక్కున్న ఓడీల్ "అషీ..." అనేలోపే అతను మేడమెట్లు ఎక్కేశాడు.

ఓడీల్ విదిలించుకుని వెనకే పరిగెత్తింది. పడకగది గుమ్మం దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

సగం చీకటి గదిలో, తెల్ల దుప్పటి కింద పొడుగ్గా పేర్చిన దిండ్ల పక్కన అషీల్ మోకాళ్ళ మీద ఉన్నాడు. తల మంచం అంచుకి ఆనించి ఉంది. లావెండర్ పూలకి నురగ అంటుకుంది.

"పొద్దున చెప్పకుండా వెళ్ళాను," అంటున్నాడు దిండ్లతో. "చెప్పాలనే అనుకున్నానే. వాళ్ళు వచ్చి ఇల్లు కొనేస్తారు, నువ్వు సంతోషపడతావు, నేను ముఖం మాడ్చుకుంటే బాగోదని పోయాను. రాత్రి నువ్వు దగ్గావు. విన్నాను. రోజూ వింటాను. నువ్వు దగ్గి దగ్గి మళ్ళీ నిద్రపోయిందాకా నాకు కన్ను మూతపడదు. ఆ చక్రం చప్పుడొకటి, నీ ఊపిరి సరిగ్గా వినపడనివ్వదు..."

ఓడీల్ గుమ్మం పట్టుకుంది.

"అమ్మ గదిలోకి మారదామని ప్రతి చలికాలం అనుకున్నాను," అన్నాడు అషీల్. "మీ ఇద్దరికీ పడేది కాదు. ఆ గదిలో పడుకోమంటే నీ మనసు నొచ్చుకుంటుందేమోనని... అడగలేకపోయాను."

"ఆ మాట అడగడానికి నేను చావాలా?"

అషీల్ తల తిప్పాడు. ఒక చెంప మీద నురగ, రెండో చెంప మీద కన్నీళ్ళు.

"మీ అమ్మ గది, నువ్వు ఒప్పుకోవని నేను అడగలేదు," అంది ఓడీల్. గొంతు కోపంగా పెడదామనుకుంది, కుదరలేదు. "ఇన్నేళ్ళలో ఆ దిండ్లతో మాట్లాడినట్టు నాతో ఒక్క రోజైనా మాట్లాడావా?"

అషీల్ దుప్పటి ఎత్తి చూశాడు. దిండ్లు. మళ్ళీ ఆమెని చూశాడు. లేచి వచ్చి, ఆమె ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, బతికి ఉందా లేదా అన్నట్టు అటూ ఇటూ తిప్పాడు. ఆమె చెంపకీ నురగ అంటింది.

"నువ్వు పోలేదు."

"పోలేదు. పోయింది నువ్వట. కింద గిన్నెలన్నీ నీవే."

మెట్ల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. అందరికంటే ముందు లియొంటీన్, ఆవిడ వెనక మేడమ్ వొక్లెర్. అందరినీ తోసుకుంటూ కత్తెర చేత్తో పట్టుకుని మంగలి పైకి వచ్చాడు.

"రొట్టెల బండి అమ్మాయి దుకాణంలోకొచ్చి 'మర చక్రం ఆగింది' అందో లేదో, ఈయన కుర్చీలోంచి లేచి ఉరికాడు," అన్నాడు రొప్పుతూ. "పోయింది ఎవరైనా కానివ్వండి, నా గుడ్డ నాకివ్వండి."

"ఎవరూ పోలేదు," అంది లియొంటీన్. ఆవిడ గొంతులో సంతోషంతో పాటు కాస్త నిష్ఠూరం కూడా ఉంది. "చుట్టాలకి గుడ్లు పెట్టాను."

నల్లకోట్ల నలుగురూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. ఓడీల్ వాళ్ళ వైపు చూసింది. తర్వాత మంచం వైపు, తర్వాత నడవా చివర మూసి ఉన్న అత్తగారి గది తలుపు వైపు చూసింది.

"మీరు మోయడానికేగా వచ్చారు?" అంది.

ఆ నలుగురూ మంచం ఎత్తారు. అలవాటు కొద్దీ తలలు వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ మోశారు. మెట్ల మీద ఉన్నవాళ్ళు కూడా అలవాటు కొద్దీ టోపీలు తీశారు. లావెండర్ పూలు ఇంకా దుప్పటి మీదే ఉన్నాయి. లియొంటీన్ అత్తగారి గది తలుపు తీసి, ఒక్కసారి తుమ్మి, కిటికీలు బార్లా తెరిచింది. ఎండ వచ్చి నేల మీద పడింది.

కిందికి వచ్చాక మొస్యూ వొక్లెర్ గొంతు సవరించుకున్నాడు. "మేం కొంటాం. ఈ నిశ్శబ్దం నాకు నచ్చింది."

"ఆ నిశ్శబ్దం ఇంకో అయిదు నిమిషాలే ఉంటుందండీ," అన్నాడు అషీల్. "తూము ఎత్తుతున్నాను. ఇంకో సంగతి, వంటింటి దూలానికి..."

ఓడీల్ అతని చేయి గిల్లలేదు. "చెప్పు," అంది. "పక్కదాని సంగతి కూడా చెప్పు. ఇల్లు అమ్మడం లేదండీ, మొస్యూ. క్షమించాలి."

తిబో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ వొక్లెర్ మాత్రం లియొంటీన్ దగ్గరికి వెళ్ళింది. పొద్దుట్నుంచీ ఆవిడ తనంతట తాను మాట్లాడింది అది రెండోసారి.

"ఒకవేళ మేం కొని ఉంటే, మా చక్రం ఆగిన రోజున మీరు వచ్చేవాళ్ళా?"

లియొంటీన్ ఆవిడని పైనుంచి కిందిదాకా చూసింది. "ముందు తిప్పండమ్మా. ఓ ముప్పై ఏళ్ళు తిప్పాక, ఆగినప్పుడు చూద్దాం." అని, ఏమనుకుందో ఏమో, ఆవిడ చేతిలో పళ్ళెం పెట్టింది. "ఇవాళ్టికి మాత్రం తిని వెళ్ళండి. ఇంత తిండి వెనక్కి తీసుకుపోకూడదు, అరిష్టం."

తూము తలుపు లేచింది. చక్రం రెండుసార్లు మూలిగి తిరగడం మొదలుపెట్టింది. ఓడీల్ తన ఆదివారం ఎర్ర స్కార్ఫు తెచ్చి, తూము పక్కన ఖాళీ మేకుకి తగిలించింది. చెట్ల కింద బల్లలు వేశారు. మంగలి తన గుడ్డ తను తీసేసుకుని, అషీల్ రెండో చెంప అక్కడే గీసిపెట్టాడు. ఎవరో వెళ్ళి భుజం కుదిపితే గంట కూడా ఆగింది.

ఓడీల్ పక్కనే కూర్చున్న అషీల్, తన చావుకి వచ్చిన బాతు కూర రెండోసారి వడ్డించుకుని, ఉప్పు కాస్త తక్కువైందన్నాడు.